సాక్సనీ ఉన్ని గుడ్డతో కోటు: కొని, కుట్టించి, చలికాలమంతా తొడిగాక

ముందు తీర్పు చెప్పేస్తా, వివరాలు తర్వాత. చలిదేశంలో ఉంటూ ఒకటే కోటుతో ఆఫీసుకీ, వారాంతం తిరుగుళ్లకీ, ఎవరైనా భోజనానికి పిలిస్తే వాళ్లింటికీ వెళ్లాలనుకునే మనవాళ్లకి సాక్సనీని మించిన ఉన్ని గుడ్డ ఇప్పటిదాకా నా చేతికి తగల్లేదు. ధర ఎక్కువే. బ్యాగు పట్టీ రాసుకునే చోట ఉండలు కడుతుంది, ప్యాంటుకి పనికిరాదు, జోరువానకి ఆగదు. ఈ లోపాలన్నీ కింద చెప్తాను, ఏదీ దాచను. అయినా మళ్లీ కోటు కుట్టించుకోవాలంటే ఇదే కొంటా.

నేనుండేది కెమ్నిట్స్‌లో, అంటే ఈ గుడ్డకి పేరిచ్చిన, జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలోనే. ఇక్కడి యూనివర్సిటీకి ఎమ్మెస్ కోసం వచ్చే తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు, డ్రెస్డెన్‌లోనూ అంతే. మొదటి నవంబరు రాగానే అందరూ చేసే పని ఒకటే, లోపల పాలిస్టర్ దూది కూరిన లావుపాటి జాకెట్ కొనుక్కోవడం. ట్రామ్ స్టాపులో నిలబడ్డప్పుడు దానికి తిరుగులేదు, ఒప్పుకుంటా. కానీ ట్రామ్ ఎక్కగానే, హీటర్ వేసిన గదిలో అడుగుపెట్టగానే లోపల చెమట పట్టేస్తుంది, విప్పితే ఆ పల్చటి చొక్కాతో వణుకు, ఇక రోజంతా వేసుకోవడం విప్పడం, చంకలో పెట్టుకుని తిరగడం. పోనీ ఉన్ని కోటు వేసుకోరా అంటే వెంటనే వచ్చే జవాబు "వద్దన్నా, గుచ్చుకుంటుంది".

ఆ భయం నిజమే గానీ ఉన్ని అంతటికీ వర్తించదు. గుచ్చుకోవడం అనేది పోగు లావుని బట్టి ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. 30 మైక్రాన్లు దాటిన పోగులు నూటికి ఐదు కంటే ఎక్కువ ఉన్నాయంటే చాలామందికి ఒంటి మీద దురదగా అనిపిస్తుంది, ఎందుకంటే లావు పోగు కొస చర్మానికి తగిలినప్పుడు వంగదు, పొడుస్తుంది. సన్న పోగు వంగిపోతుంది. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, సన్న ఉన్నికి పేరుపడ్డ మెరినో గొర్రెల్లో సాక్సన్ రకానిది 17 మైక్రాన్ల దగ్గరా, అంతకంటే తక్కువా ఉంటుంది. మన దక్కనీ గొర్రె ఉన్నితో కురుమలు నేసే గొంగడి దీనికి పూర్తిగా వేరే దారి. ఆ పోగు మొరటుది, నల్లది, దానికి చింతగింజల గంజి పట్టించి బిగువు తెస్తారు, వానలో గొర్రెల వెంట తిరిగే మనిషికి అలాంటిదే కావాలి. గొంగడిని నేను ఒక్క మాట కూడా తక్కువ చేయను. కానీ రోజంతా మెడకి రాసుకునే కాలరుకి కావలసింది వేరే ఉన్ని.

ఈ సన్న ఉన్ని సాక్సనీకి ఎలా వచ్చిందో తెలిస్తే గుడ్డ ఎందుకిలా ఉంటుందో కూడా అర్థమవుతుంది. మెరినో గొర్రె స్పెయిన్‌ది, దాన్ని వాళ్లు తేలిగ్గా బయటి దేశాలకి ఇచ్చేవాళ్లు కాదు. 1756 నుంచి 1763 దాకా సాగిన ఏడేళ్ల యుద్ధంలో సాక్సనీ చితికిపోయింది. అప్పుడు చిన్నవాడైన రాజు తరఫున పాలిస్తున్న జేవియర్ స్పెయిన్ రాజు మూడో కార్లోస్‌కి బావమరిది వరస, కార్లోస్ భార్య సాక్సనీ ఆడపడుచు. ఆ చుట్టరికంతో 1765లో మెరినో మంద ఒకటి ఇక్కడికి వచ్చింది. స్పెయిన్‌లో ఆ గొర్రెలు కాలాన్ని బట్టి వందల కిలోమీటర్లు నడిచి మేసేవి. ఇక్కడ చలికాలంలో పాకల్లో కట్టేసి మేపి, బరువు సంగతి పక్కనపెట్టి పోగు సన్నదనం కోసమే ఏరి ఏరి జతకట్టించారు. దాంతో గొర్రె చిన్నదైంది, ఒక్కో గొర్రెకి వచ్చే ఉన్ని తగ్గింది, పోగు మాత్రం అంతవరకు యూరప్‌లో ఎవరూ చూడనంత సన్నబడింది. 1820లు వచ్చేసరికి ఇంగ్లండ్ మిల్లులు సన్న ఉన్ని కోసం స్పెయిన్‌ని వదిలి జర్మన్ రాజ్యాల మీద పడ్డాయి.

ఆ తర్వాత గొర్రెలు ఇక్కడినుంచీ దాటిపోయాయి. 1820ల చివర్లో ఎలైజా ఫోర్లాంగ్ అనే స్కాట్లండ్ ఆవిడ కొడుకులతో కలిసి సాక్సనీ పల్లెలు కాలినడకన తిరిగి, ఒక్కొక్క గొర్రెనీ చేత్తో చూసి ఎంచి కొని, వాటిని రేవుదాకా తోలుకెళ్లి ఆస్ట్రేలియా వైపు పంపించింది. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో క్యాంప్‌బెల్ టౌన్ దగ్గర ఇప్పటికీ సాక్సన్ రకం మెరినోలు మేపే పాత మందలున్నాయి. చల్లటి గాలి, పల్చటి గడ్డి, చిన్న గొర్రె, సన్న ఉన్ని. అంటే ఈరోజు సాక్సనీ అని చీటీ ఉన్న గుడ్డ కొంటే అందులో ఉన్ని చాలామటుకు ఆస్ట్రేలియాది, నేసింది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైరులోనో స్కాట్లండ్‌లోనో, నేనుండే ఊరి గొర్రె ఒక్కటీ అందులో లేదు. దీన్ని లోపంగా చెప్పడం లేదు. కొనేవాళ్లకి తెలిసి ఉండాలి, అంతే. హారిస్ ట్వీడ్ అనే స్కాట్లండ్ ఉన్ని గుడ్డకి 1993లో బ్రిటన్ చట్టం చేసింది, ఏ దీవుల్లో నేస్తేనే ఆ ముద్ర పడాలో అందులో రాసి ఉంది. సాక్సనీకి అలాంటి కాపలా లేదు. ఎవరైనా చీటీ వేసుకోవచ్చు, అందుకే చీటీ కంటే గుడ్డని నమ్మాలి.

ఇక తయారీ. నన్నడిగితే డబ్బు పెట్టేవాళ్లు చదవాల్సింది ఈ భాగమే.

ఉన్నిని నూలు చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి దువ్వడం. పొట్టి పోగులు తీసేసి పొడుగువన్నీ ఒకే దిక్కుకి సర్ది గట్టిగా పురి పెడతారు. నున్నగా, చల్లగా, మడత నిలిచేలా ఉండే వర్స్‌టెడ్ గుడ్డ దీంతోనే వస్తుంది, మన ఊళ్లలో పెళ్లికి సూటు ముక్క అని కొనేవాటిలో ఉన్నివి చాలావరకు ఇవే. రెండోది ఏకడం. సన్న తీగల పళ్లున్న రోలర్ల మధ్య ఉన్నిని విప్పి పొరగా పరిచి, ఆ పొరని సన్నటి పాయలుగా చీల్చి తేలిగ్గా వడుకుతారు. పోగులు అడ్డదిడ్డంగానే ఉండిపోతాయి, వాటి మధ్య గాలి చిక్కుకుంటుంది, మనకి తెలిసే వెచ్చదనం ఆ గాలిదే. సాక్సనీ మామూలుగా ఈ రెండో పద్ధతి గుడ్డ. ఇదే పేరుతో వర్స్‌టెడ్ నూలుతో నేసినవీ దొరుకుతాయి కాబట్టి ఏ పద్ధతి నూలో అమ్మేవాణ్ణి తప్పక అడగండి.

మగ్గం దిగిన గుడ్డ చూస్తే ఎవరూ డబ్బు పెట్టరు, వదులుగా, గరుగ్గా, దారాలు విడివిడిగా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని సబ్బునీటి తడిలో వెచ్చగా నొక్కుతూ కుమ్ముతారు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి, తడీ వేడీ ఒత్తిడీ కలిసేసరికి అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, గుడ్డ దగ్గరపడుతుంది, వెడల్పు తగ్గుతుంది. స్వెట్టర్‌ని వేడినీళ్ల వాషింగ్ మెషిన్‌లో వేస్తే చిన్నదైపోయేది ఇందుకే, ఇక్కడ అదే పనిని అదుపులో పెట్టుకుని చేస్తారు. తర్వాత పైన సన్నటి నూగు లేపుతారు, పాతరోజుల్లో దీనికి టీజెల్ అనే మొక్క ముళ్లకాయలే సాధనం. ఆ లేచిన నూగుని సమంగా కత్తిరిస్తారు. ఈ కత్తిరింపు ఎంత నైపుణ్యం ఉన్న పనంటే, యార్క్‌షైరులో ఆ పనివాళ్లకి నేతగాళ్ల కంటే ఎక్కువ కూలి, ఎక్కువ గౌరవం ఉండేవి. కత్తిరించే యంత్రాలు దిగితే తమ బతుకు పోతుందని 1812లో అక్కడి మిల్లుల మీద దాడులు చేసింది ముఖ్యంగా ఆ కత్తెరపనివాళ్లే. సాక్సనీ మీద చెయ్యి రాస్తే తగిలే ఆ మెత్తదనం వెనక ఇంత ఉంది.

ఇదంతా కళ్లతో చూడాలనుకుంటే కెమ్నిట్స్‌కి పడమరగా క్రిమ్మిట్‌షౌ అనే చిన్న ఊళ్లో ప్ఫౌ సోదరుల పాత గుడ్డ ఫ్యాక్టరీ ఉంది. 1990 దాకా నడిచింది, మూతపడ్డాక యంత్రాలతో సహా అలాగే మ్యూజియం చేశారు. ఏకే యంత్రాలు, వడికేవి, మగ్గాలు, కుమ్మే తొట్లు, ఒక ఉన్ని గుడ్డ పుట్టే వరస మొత్తం ఒకేచోట చూడొచ్చు. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది, నాకది గుడ్డకంటే పెద్దది. 1903 ఆగస్టులో ఇక్కడి బట్టల మిల్లు కార్మికులు పది గంటల పనిదినం కోసం సమ్మెకి దిగారు, అందులో ఆడవాళ్లు చాలామంది. "ఒక గంట మాకోసం, ఒక గంట మా కుటుంబం కోసం, ఒక గంట జీవితం కోసం" అన్నది వాళ్ల నినాదం. చలికాలం అంతా నిలబడి 1904 జనవరిలో ఏమీ గెలవకుండానే పనిలోకి వెళ్లారు. ఆడకార్మికులకి పది గంటల పరిమితి చట్టంగా అమల్లోకి రావడానికి 1910 దాకా పట్టింది. మెత్తటి గుడ్డ గురించి రాస్తూ ఆ గంటల సంగతి చెప్పకుండా వదలడం నాకు ఇష్టం లేదు.

సరే, కొనడం. నేను తీసుకున్నది గోధుమరంగు మీద ఆకుపచ్చ, తుప్పు రంగు గళ్లున్న గుడ్డ, బ్రిటన్‌లో నేసింది, పోస్టులో తెప్పించుకున్నా. మీటరు వంద పౌండ్లకి కాస్త అటూ ఇటూ. కోటుకి రెండు మీటర్లు సరిపోతుందంటారు, గళ్లున్న గుడ్డయితే పావు మీటరు ఎక్కువ తీసుకోవాలి, లేకపోతే గళ్లు కలపడానికి టైలర్‌కి గుడ్డ చాలదు. బ్రిటన్ నుంచి యూరప్‌కి తెప్పించుకునేవాళ్లు ఇంకో లెక్క గుర్తుపెట్టుకోవాలి, జర్మనీలో దిగగానే 19 శాతం దిగుమతి పన్ను పడుతుంది, పోస్టతను తలుపు దగ్గరే వసూలు చేస్తాడు, పైన వాళ్ల సర్వీసు చార్జీ ఒకటి. షాపు వెబ్‌సైట్‌లో కనబడే ధర మీద ఇవన్నీ కలుపుకుని చూసుకోండి, లేకపోతే ఆరోజు టెన్షన్.

బరువు దగ్గర చాలామంది తికమకపడతారు. బ్రిటిష్ మిల్లులు గుడ్డ బరువు ఔన్సుల్లో చెప్తాయి, అది గజం పొడవుకి, గుడ్డ మొత్తం వెడల్పుతో కలిపి. 12 ఔన్సుల గుడ్డంటే పొడవు మీటరుకి సుమారు 370 గ్రాములు. వెడల్పు మీటరున్నర ఉంటుంది కాబట్టి చదరపు మీటరు లెక్కలో అది 250 గ్రాములే. కొన్ని షాపులు చదరపు మీటరుకి రాస్తాయి, కొన్ని పొడవు మీటరుకి. 370 అని చూసి ఏ లెక్కో అడక్కుండా కొంటే మీరనుకున్న దానికంటే ఒకటిన్నర రెట్లు బరువున్న గుడ్డ రావచ్చు, లేదా పల్చటిది రావచ్చు. మనలాంటి చలి పడనివాళ్లకి 12 నుంచి 13 ఔన్సులు సరిగ్గా సరిపోతుంది. 9 ఔన్సులది వసంతానికి, 16 దాటితే అది ఓవర్‌కోటు గుడ్డ.

ముందు నమూనా ముక్కలు తెప్పించుకోండి, మంచి అమ్మకందారులు పంపిస్తారు. ముక్కని పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి, ముడతలు వాటంతటవే విప్పుకోవాలి. మెడ పక్కన, చెవి కింద రాసి చూడండి, చెయ్యి చెప్పని సంగతి అక్కడి చర్మం చెప్తుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నేత ఎక్కడా పల్చబడకూడదు. అరచేత్తో కాసేపు గట్టిగా రుద్దితే కాస్త నూగు లేవడం మామూలే, పోగులు ఊడి చేతికి వస్తుంటే మాత్రం వద్దు, అది సరిగ్గా కుమ్మని గుడ్డ. రంగుని కూడా దగ్గరగా చూడండి. ఈ గుడ్డలకి చాలావరకు నూలుకి కాకుండా ఏకకముందే ఉన్నికి రంగు వేస్తారు, తర్వాత రంగులు కలిపి ఏకుతారు, కాబట్టి దూరంనుంచి గోధుమరంగు అనుకున్నది దగ్గరగా చూస్తే నీలం, నారింజ, పసుపు చుక్కలు కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ట్యూబ్‌లైట్ కింద ఒక రంగు, ఎండలో ఇంకో రంగు.

గొర్రెల గురించి కూడా ఒక ప్రశ్న అడగండి. ఆస్ట్రేలియాలో ఈగలు పట్టకుండా గొర్రెపిల్లల తోక చుట్టూ చర్మం కోసేసే పద్ధతి ఒకటుంది, మ్యూల్సింగ్ అంటారు. న్యూజీలాండ్ 2018లో దాన్ని నిషేధించింది, ఆస్ట్రేలియాలో ఇంకా జరుగుతోంది. అది చేయని మందల ఉన్ని అని రాతపూర్వకంగా చెప్పగలిగే అమ్మకందారులున్నారు. నేను అడిగాను, చెప్పారు, అక్కడే కొన్నాను. జవాబు దాటవేసిన చోట కొనలేదు.

కుట్టించింది మాత్రం సికింద్రాబాద్‌లో. సెలవుకి వెళ్తూ గుడ్డ పెట్టెలో పెట్టుకెళ్లాను. మొదట అడిగిన ఒక పెద్ద షోరూములో గుడ్డ పట్టుకుని చూడకుండానే "పేస్టింగ్ బక్రం వేసి ఇస్తాం సార్, నాలుగు రోజుల్లో" అన్నారు. పేస్టింగ్ అంటే వేడితో జిగురు అంటించే లోపలి గుడ్డ. ఇలాంటి మెత్తటి ఉన్నికి ముందుభాగమంతా జిగురేస్తే అది అట్టముక్క అయిపోతుంది, సాక్సనీ కొన్న ప్రయోజనమే పోతుంది. అక్కడినుంచి వచ్చేసి పాత సందులో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లా, చిన్న షాపు, ఏళ్ల తరబడి కోట్లే కుట్టినాయన. గుడ్డని కౌంటర్ మీద పరిచి చేత్తో ఒకసారి కిందికి, ఒకసారి పైకి నిమిరి "బాబూ, దీనికి వాలు ఉంది, ముక్కలన్నీ ఒకే వాలున కోయాలి, కాస్త గుడ్డ ఎక్కువ పడుతుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నా గుడ్డ ఆయన చేతిలో పెట్టేశా. నూగు వాలు చూడకుండా కోస్తే ఒక చెయ్యి ఒక రంగులో, ఇంకో చెయ్యి ఇంకో రంగులో కనిపిస్తాయి, కుట్టాక దాన్ని ఎవరూ సరిచేయలేరు.

మాస్టరుగారు గుడ్డకి ముందు ఆవిరి పట్టించి రాత్రంతా ఆరబెట్టారు, గుడ్డ కుంచించుకుపోయేది ఏమైనా ఉంటే కత్తెర పడకముందే కుంచించుకోవాలని. లోపల జిగురు లేకుండా కుట్టే కాన్వాసు వేశారు, భుజానికి ప్యాడ్ పల్చగా చాలన్నారు, వీపు వైపు లైనింగ్ సగమే. ట్రయల్‌కి రెండుసార్లు పిలిచారు. కాజాలు చేత్తో కుట్టారు. కాలరు కింద, జేబు మూత దగ్గర గళ్లు ఎంత బాగా కలిశాయంటే జేబు ఎక్కడుందో వెతుక్కోవాలి. కుట్టుకూలి గుడ్డ ఖరీదులో సగం కూడా కాలేదు, జర్మనీలో ఇదే పని చేయించాలంటే గుడ్డకి ఎన్నో రెట్లు పోయాల్సి వచ్చేది. మన దగ్గర ఈ పనితనం ఉన్న చేతులు తగ్గిపోతున్నాయి, ఉన్నవాళ్లకి పని ఇవ్వండి, బేరం ఆడకండి.

వాడకం సంగతి. పది డిగ్రీల నుంచి సున్నా దాకా లోపల చొక్కా, పల్చటి స్వెట్టర్, పైన ఇదే, ఇంకేం అక్కర్లేదు. సున్నా కిందకి దిగితే మెడకి మఫ్లర్ చుడితే చాలు, మరీ మైనస్ ఐదు కిందకైతే పైన ఓవర్‌కోటు కావాలి, అప్పుడు కూడా లోపల దీన్నే ఉంచుకోవచ్చు. అసలు గొప్పతనం తెలిసేది లోపలికి వెళ్లాక. ఆఫీసులో ఇరవై రెండు డిగ్రీల్లో విప్పకుండా కూర్చోగలుగుతున్నా. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా తగలదు, చెమటని ఆవిరిగా ఉండగానే తీసేసుకుంటుంది, ఆ పాలిస్టర్ జాకెట్‌లోని ఉక్కపోత ఇందులో లేదు. చేతులు చాచినా టైప్ చేసినా గుడ్డ మనతో వస్తుంది, పట్టేయదు. మెడకి దురద లేదు. ఈ మాట ఉన్నిని తాకనని ఒట్టేసుకున్నవాళ్ల కోసం రాస్తున్నా, నిజంగా లేదు.

చినుకులు పడితే నూగు మీద ముత్యాల్లా నిలుస్తాయి, దులిపితే పోతాయి. గంటసేపు వాన పడితే మాత్రం పీల్చేసి బరువెక్కుతుంది, ఆరడానికి మర్నాటి దాకా పడుతుంది. అరుగుదల దీని అసలు బలహీనత. సన్న పోగు, తేలిక పురి, ఈ రెండూ మెత్తదనం ఇస్తాయి, అవే గట్టిదనాన్ని తీసుకుపోతాయి. లాప్‌టాప్ బ్యాగు రోజూ ఒకే భుజానికి తగిలించుకుంటే అక్కడ ఉండలు కడుతుంది, టేబుల్ అంచుకి రాసుకునే ముంజేతి కింద నూగు పోయి నేత కనబడుతుంది. నేను చేతిబ్యాగుకి మారిపోయా. మీకు వీపుబ్యాగు తప్పదంటే ఈ గుడ్డ కొనకండి, చెవియట్ తీసుకోండి. అది ఇంగ్లండ్ స్కాట్లండ్ సరిహద్దు కొండల గొర్రెది, లావు పోగు, కరుకుగా ఉంటుంది గానీ ముళ్లకంపల్లో పడి తిరిగినా చెక్కుచెదరదు. షెట్లండ్ దీవుల గొర్రె ఉన్ని ఈ రెండింటికీ మధ్యస్థం. నాకైతే రోజంతా ఒంటి మీద ఉండేది కాబట్టి గట్టిదనం కంటే హాయి ముఖ్యం అనిపించింది.

ప్యాంటుకి మాత్రం ఎవరు చెప్పినా వినకండి. మోకాళ్ల దగ్గర సాగి ముందుకి వచ్చేస్తుంది, ఇస్త్రీ మడత సాయంత్రానికి మాయం. దీని మీదకి వర్స్‌టెడ్ ప్యాంటో, ముదురు రంగు జీన్సో వేసుకోండి.

సంరక్షణ అనుకున్నంత కష్టం కాదు. తొడిగిన మర్నాడు దానికి సెలవివ్వాలి, వెడల్పు భుజాలున్న హ్యాంగర్‌కి తగిలించి గాలికి వదిలితే ముడతలు దిగిపోతాయి. కుచ్చుబ్రష్‌తో పైనుంచి కిందికి, నూగు వాలున దులపాలి. డ్రై క్లీనింగ్‌కి సీజన్ చివర్లో ఒకసారి ఇస్తే చాలు, మాటిమాటికీ ఇస్తే పోగులో నూనెదనం పోయి గుడ్డ నిర్జీవంగా అవుతుంది. వట్టి ఇస్త్రీపెట్టె నేరుగా తగిలించొద్దు, మెరుపు తేలి నూగు అణిగిపోతుంది, తడిగుడ్డ పైన వేసి ఆవిరితోనే చేయాలి. ఎండాకాలంలో దాచేటప్పుడు పురుగు భయం నిజమైన భయం, ఆ పురుగు పిల్లలు మెత్తటి ఉన్నినే ముందు ఎంచుకుంటాయి, చెమట మరకలుంటే ఇంకా ఇష్టం. శుభ్రం చేయించి, జిప్పున్న గుడ్డసంచిలో మూసి పెట్టాలి. కలరా ఉండల వాసన ఉన్నికి పట్టిందంటే నెలల తరబడి వదలదు, నేను వాటి జోలికి పోను.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవాళ్లు ఇంత డబ్బు పోయకండి. డిసెంబరులో లంబసింగి వెళ్లే ఆ రెండు రోజుల కోసం ఇది అవసరమా? పెళ్లిళ్లకీ ఏసీ ఆఫీసులకీ మన దగ్గరే దొరికే పల్చటి వర్స్‌టెడ్ చక్కగా సరిపోతుంది. ఢిల్లీ, సిమ్లా వైపు ఉద్యోగాలున్నవాళ్లు, జర్మనీ, బ్రిటన్, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఆలోచించండి. కొత్తగా వచ్చిన స్టూడెంట్స్ మొదటి ఏడాదే దీని మీద డబ్బు పెట్టొద్దు, ఆ జాకెట్‌తోనే నెట్టుకురండి, ఉద్యోగం వచ్చాక చూడొచ్చు. లేదంటే ఇక్కడి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో పాత ఉన్ని కోట్లు వెతకండి, లోపలి చీటీ మీద పూర్తి ఉన్ని అని ఉండి, మెడ దగ్గర రాసినప్పుడు దురద లేకపోతే, మోచేతుల దగ్గర అరుగుదల చూసుకుని తీసేసుకోవచ్చు. కొత్త గుడ్డ ఖరీదులో పదోవంతుకి కూడా దొరుకుతాయి.

ఆడవాళ్లకి ఎలా ఉంటుందని ఇక్కడ చాలామంది అడిగారు. మా ఆవిడ నా కోటు వేసుకుని చూసి బరువెక్కువ అంది, గుడ్డ మాత్రం బాగా నచ్చింది. తనకి 10 ఔన్సుల్లో నమూనాలు తెప్పించాం, ముదురు వంకాయరంగులో, చేపముల్లులా గీతలు కనిపించే హెరింగ్‌బోన్ నేత ఒకటి ఎంచుకుంది. చీర మీదకి కూడా వేసుకునేలా నడుము దాటకుండా పొట్టిగా, కాలరు లేకుండా కుట్టించాలని ప్లాన్. గుడ్డ జులైలోనే ఆర్డర్ పెడుతున్నాం, చలికాలం దగ్గరపడితే మంచి రంగులు ముందు అయిపోతాయి, సెలవుకి వెళ్లేసరికి మాస్టరుగారి దగ్గర పెళ్లిసూట్ల రద్దీ కూడా మొదలైపోతుంది.